లారీ సైలెన్సర్ కోసిన రోజు

మీ తాతయ్య ఎడంచేత్తో తల దువ్వుకోవడం మొదలుపెట్టినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఏ చేత్తో దువ్వుకుంటే ఏముందిలే అనుకున్నాను. తర్వాత తర్వాత చొక్కా తొడుక్కోవడానికి నానా అవస్థా పడేవారు. ముందు కుడి చెయ్యి మెల్లిగా దూర్చి, కాసేపు ఆగి, అప్పుడు ఎడమది. దండెం మీద తువ్వాలు కావాలంటే నన్ను కేకేసేవారు. రిటైరైన మగాళ్లకి పనులు చెప్పడం ఎక్కువవుతుందిలే అని సరిపెట్టుకున్నాను. నవ్వకు, రాసుకో. ఇది కూడా రాసుకో.

మేం ఢిల్లీ పక్కన వైశాలిలో ఉన్నప్పటి సంగతి ఇది. తొంభైల్లో. ఇప్పుడు నువ్వు మెట్రో దిగి వచ్చే వైశాలి కాదు. అప్పుడు నాలుగు ఇళ్లకి ఒక ఖాళీ ప్లాటు, ఆ ప్లాటు నిండా సర్కారు తుమ్మ. కరెంటు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మా ఇంటి పక్క ప్లాటు ఖాళీగా ఉండేది. అక్కడే మన లారీ ఆగేది. పెద్ద లారీ కాదు, చిన్నది. తాతయ్య కంటోన్మెంట్‌లో మిలిటరీ బళ్ల వర్క్‌షాపులో పాతికేళ్లు ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక ఎవరో వాడేసిన బండి కొనుక్కున్నారు. దాన్ని తనే విప్పి, తనే బిగించి, తనే రంగు వేసి, తనే నడిపేవారు. ఇంకో మనిషి దాని మీద పానా పెడితే ఆయనకి ఒంటి మీద చెయ్యి వేసినట్టుండేది.

ఆ ఏడు చలి కొంచెం ముందే వచ్చింది. చలి వచ్చాక లారీ అద్దాలు మూసుకుని నడపడం మొదలుపెట్టారు. అప్పట్నుంచే తలనొప్పి అనడం. సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో అలా కూలబడిపోయేవారు. మజ్జిగ ఇస్తే వద్దు, టీ ఇస్తే వద్దు. చొక్కా ఉతుకుదామని తీస్తే ఒకటే పొగ కంపు. సబ్బు పెట్టినా పోయేది కాదు.

ఒకరోజు పక్కింటావిడ మా గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పంజాబీ ఆవిడ, నాకన్నా ఐదారేళ్లు పెద్ద, నేను దీదీ అనేదాన్ని. ఆవిడకి తాతయ్య తన కబురు ఒకటి జోకులాగా చెబుతున్నారు. రైల్వే గేటు పడిందట. ఇంజను ఆపకుండా స్టీరింగ్ మీద గడ్డం ఆనించి కూర్చున్నారట. గేటు లేచింది, ముందు బళ్లు పోయాయి, ఈయన మాత్రం అలాగే. వెనకవాళ్లు హారన్లు కొట్టి కొట్టి, చివరికి ఎవరో దిగివచ్చి అద్దం మీద బాదితే కళ్లు తెరిచారట.

"సో గయే థే?" నిద్రపోయారా అని దీదీ పకపకా నవ్వింది. తాతయ్యా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాతికేళ్లలో ఆ మనిషి పగటిపూట కునుకు తీయడం నేను చూడలేదు. ఆదివారం భోజనం చేసి కూడా పడుకునేవారు కాదు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేను వెళ్లి లారీలో కూర్చున్నాను. తాళం తిప్పితే స్టార్టవుతుందని తెలుసు, తిప్పాను. అద్దాలు పైకెత్తేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి గేరు కర్ర మొదట్లో ఉన్న సందులోంచి సన్నగా పొగ పైకి రావడం కనిపించింది. అగరొత్తి పొగంత. ఇంతేనా అనుకున్నాను. ఇంకాసేపటికి కణతలు బరువెక్కాయి. భయమేమీ వెయ్యలేదమ్మడూ, అదే భయం. హాయిగా ఉంది. దిగాలనే అనిపించలేదు. తాతయ్య బాత్రూంలోంచి "ఎవరక్కడ బండి దగ్గర?" అని అరవబట్టి దిగాను గానీ, దిగాక కాళ్లు తేలిపోయాయి.

ఆ పొగ ఈ మనిషిని నిద్రపుచ్చి తీసుకుపోతుందని నాకు ఆ క్షణం తెలిసిపోయింది.

అడిగితే సంగతి మెల్లిగా బయటపెట్టారు. ఇంజను నుంచి వెనక్కి పొగ తీసుకుపోయే గొట్టం, అదే సైలెన్సర్ గొట్టం, క్యాబిన్ కింద చిల్లుపడింది. దానికి పాలపొడి డబ్బా రేకు చుట్టి తీగతో కట్టారట. కొత్త గొట్టం కొననూ కొన్నారు. అది పదిహేను రోజులుగా మా మంచం కింద గోనెసంచిలో చుట్టి ఉంది. నేను దాన్ని తోసి తోసి ఇల్లు ఊడ్చుకుంటున్నాను.

"మరి వెయ్యరేం?"

"వేస్తాలేవే. రేపు."

"రోజూ రేపేనా?"

"పొగకే మనిషి చస్తాడా? నువ్వు పెళ్లయిన కొత్తలో కట్టెల పొయ్యి ఊదలేదూ? చచ్చావా?"

"కట్టెల పొగ కళ్ల నీళ్లు తెప్పించి లేపుతుందండీ. మీ పొగ జోకొడుతోంది."

ఆయన పేపరు తీసి అడ్డం పెట్టుకున్నారు.

దీపావళి వెళ్లిన మర్నాడు. కార్తీకం మొదటి రోజు, తెల్లారకుండా తలస్నానం చేసి దీపం పెట్టుకున్నాను. ఆ తర్వాతి రోజు పొద్దున్నే తాతయ్య పానిపట్టు వెళ్లాలి, దుప్పట్ల లోడు తేవడానికి. మాట ఇచ్చేశారు. పోనూ రానూ అద్దాలు మూసుకుని ఏడెనిమిది గంటలు ఆ క్యాబిన్‌లో ఒక్కరూ. ఈ గొట్టం మార్చకుండా బండి కదలడానికి వీల్లేదన్నాను. తాళంచెవి నా కొంగున కట్టుకున్నాను. ఆయన కాసేపు విసుక్కుని, సరే మెకానిక్‌కి చూపించి వస్తానన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఈయన మెకానిక్ దగ్గరికా? అయినా తాళం ఇచ్చాను.

అరగంటలో తిరిగొచ్చేశారు, మొహం తేటగా పెట్టుకుని. "కొట్లన్నీ మూసేశారే. ఇవాళ వీళ్లకి విశ్వకర్మ పూజ. పానాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి పటం ముందు పేర్చారు. ఇవాళ ఎవడూ ముట్టుకోడు. పానిపట్టు నుంచి వచ్చాక చూద్దాం."

చూశావా, మనం ఇన్నేళ్లుగా ఢిల్లీలో ఉండి కూడా ఆ సంగతి గుర్తుపెట్టుకోం. మన ఆయుధపూజ దసరాకి అయిపోతుంది. వీళ్లది దీపావళి మర్నాడు. మన పనిముట్లు పూజ అయిపోయి పనిలోకి దిగాక వాళ్ల పనిముట్లు సెలవు తీసుకుంటాయి.

"పానాలు మనింట్లో లేవా? మీకు చేతకాదా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన లేచి చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టారు. గోనెసంచి పరుచుకుని, ఇనుము కోసే హాక్సా రంపం, పానాలు పట్టుకుని లారీ కిందికి దూరారు. నేను వంటింట్లోకి వెళ్లి పప్పు కుక్కర్ ఎక్కించాను. చెవి మాత్రం బయటే ఉంది. ఇనుము కోస్తే చప్పుడు ఊరంతా వినబడుతుంది కదా. నాకేమీ వినబడలేదు. కుక్కర్ మూడు కూతలు కూసింది. బయట చడీచప్పుడూ లేదు.

వెళ్లి చక్రం పక్కన గొంతుకు కూర్చుని వంగి చూశాను. వెల్లకిలా పడుకుని ఉన్నారు. హాక్సా గుండెల మీద ఉంది. గొట్టం కేసి చూస్తున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను గానీ కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏవండీ?"

గొట్టం మీంచి చూపు తిప్పకుండానే అన్నారు. "చెయ్యి లేవట్లేదే."

"ఎప్పట్నుంచి?"

"వానాకాలం నుంచి. భుజం పట్టేసింది. ఇంతవరకే వస్తోంది." చూపించారు. మోచెయ్యి నేల మీంచి జానెడు లేచి ఆగిపోయింది. మొహం ఒకపక్కకి బిగుసుకుపోయింది. "బండి కింద పడుకుని చెయ్యెత్తలేని ఫిట్టరు ఫిట్టరెలా అవుతాడు? చెప్పు. స్టీరింగుదేముంది, కింద పట్టుకుని ఎలాగో తిప్పుకొస్తున్నా."

దువ్వెన, చొక్కా, తువ్వాలు, మంచం కింద గొట్టం, మెకానిక్ దగ్గరికి వెళతాననడం, అన్నీ ఒక్కసారి వరస కట్టి నా ముందు నిలబడ్డాయి. ఏమన్నా ఓదార్పుగా అంటే ఆయనకి ఇంకా కష్టంగా ఉంటుందని తెలుసు. అందుకని, "కొంచెం అటు జరగండి," అన్నాను.

"నువ్వా?"

"నేను కాక ఎవరు? ఊళ్లో పానాలన్నీ దేవుడి దగ్గరున్నాయిగా."

చీరతో బండి కిందికి వెళ్లడం కుదరదు. దీదీ ఇంటికి వెళ్లి ఒక పాత సల్వార్ కమీజు ఇమ్మన్నాను. జన్మలో తొడుక్కోలేదు నేను. దేనికని అడిగింది, చెప్పాను. ఆవిడ చెవులు పట్టుకుంది. "ఆజ్ కే దిన్ ఔజార్ నహీ ఛూతే, పాప్ లగ్తా హై." ఈ రోజు పనిముట్టు ముడితే పాపమట.

నాకొచ్చిన హిందీలో చెప్పాను. "దీదీ, హమారా ఔజార్ కా ఛుట్టీ దసరా మే హో గయా." మా పనిముట్ల సెలవు దసరాకే అయిపోయిందని.

"అచ్ఛా?" అంది. కొంచెం ఆలోచించింది. "ఫిర్ ఠీక్ హై, మద్రాసన్." మనం ఆంధ్రావాళ్లమని ఆవిడకి వందసార్లు చెప్పి ఊరుకున్నాను.

ఆవిడ సల్వార్‌లో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. బొందు రెండు చుట్లు చుట్టి కట్టుకున్నాను. తలకి తువ్వాలు, కళ్లకి మీ తాతయ్య స్కూటరు కళ్లద్దాలు. నన్ను చూసి ఆయన నవ్వాపుకోలేకపోయారు. "మా వర్క్‌షాపులో చేరడానికి వచ్చిన కుర్రాళ్లందరికన్నా నువ్వే నయంగా ఉన్నావే," అన్నారు. పొద్దుట్నుంచి ఆయన మొహంలో మొదటి నవ్వు అది.

ఇద్దరం పక్కపక్కన పడుకున్నాం, లారీ కింద. ఆయన ఎడంచేత్తో టార్చి పట్టుకున్నారు. పట్టపగలు మొగుడూ పెళ్లాం అలా రోడ్డు పక్కన పడుకోవడం... సరేలే, అది రాయకు. రాస్తే రాయి, ఇప్పుడు ఎవరేమంటారు.

ఆ గొట్టం వెనక చక్రాల ఇరుసు మీదుగా వంపు తిరిగి పోతుంది. ఉన్నదున్నట్టు లాగితే రాదు. ముక్కలుగా కొయ్యాలి. బోల్టులు తుప్పుపట్టి రాయిలా ఉన్నాయి. వాటి మీద ముందే కిరసనాయిలు పోసి నాననివ్వమన్నారు. కోసే చోటుకి అటూ ఇటూ గొట్టాన్ని పాత చీర పీలికలతో పైన చట్రానికి కట్టించారు, తెగాక నా మీద పడకుండా. ముడి ఎలా ఉందో ఎడంచేత్తో తనే లాగి చూసుకున్నారు, రెండుసార్లు.

నేను హాక్సా పట్టుకుని నా వైపు లాగాను. అది కిర్రుమని జారింది, అంతే. మళ్లీ లాగాను. మనకేమో కత్తిపీట అలవాటు. కత్తి కదలదు, కూరగాయే కత్తి మీదికి వస్తుంది. ఇక్కడ కూరగాయ కదలదాయె.

"లాగకు. తొయ్యి. దీని పళ్లు ముందుకి చూస్తుంటాయి. తోసేటప్పుడు బరువెయ్యి, వెనక్కి తెచ్చేటప్పుడు ఊరికే తెచ్చెయ్."

"ఇలాగా?"

"అలాగే. తొందరేం లేదు. పొడవుగా తొయ్యి, బ్లేడంతా వాడు."

ఆ మనిషి వర్క్‌షాపులో కుర్రాళ్ల మీద ఎంత గట్టిగా అరిచేవారో కథలు కథలుగా విన్నాను. ఆయన అరుపుకి చేతిలో పానా జారవిడిచినవాళ్లు ఉన్నారట. నాతో మాత్రం చంటిపిల్లకి అన్నం తినిపిస్తున్నట్టు మాట్లాడారు. కొంత కోశాక చేతులు తిప్పలేక కొంచెం వంకర పట్టుకున్నాను. టప్పుమని బ్లేడు విరిగింది. సగం ముక్క పట్టుకుని ఆయనకేసి చూశాను.

"పోనీలే," అన్నారు. "విరగని బ్లేడంటూ ఉండదు. ఇంకోటి బిగించు. పళ్లు ఎటు చూడాలి?"

"ముందుకి."

"శభాష్."

తుప్పు పొట్టు మొహం మీద రాలుతోంది. నోట్లో పడితే ఉప్పగా ఉంది. భుజాలు పీకుతున్నాయి. నేను ఆగితే ఆయన ఆగమనలేదు, కానీయమనలేదు. టార్చి నా చేతుల మీంచి తీసి పక్కకి తిప్పేవారు, కళ్లకి విశ్రాంతిగా. మళ్లీ మొదలుపెడితే మళ్లీ వెలుగు. మొదటి కోత తెగడానికి ఎంతసేపు పట్టిందో తెలీదు. తెగినప్పుడు చప్పుడేమీ లేదు, గొట్టం చీర పీలికల మీదికి వాలి అలా ఊగింది. వెనక ముక్కకి ఇంకో కోత పడింది. అది కొంచెం తొందరగానే అయింది, చేతికి పని తెలిసింది కదా. బోల్టుల్లో మూడు వచ్చేశాయి, నాలుగోదాన్ని కూడా కోశాం.

బయటికి తీసి ఎండలో పెట్టి చూశాం. ఆయన రేకు విప్పారు. చిల్లు అన్నారు గానీ అది చిల్లు కాదమ్మా, నా పిడికిలి దూరింది అందులో. లోపల మసి, వేలు పెడితే కాటుకలా అంటుకుంది. తాతయ్య దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. తర్వాత "రేకు ఉన్నది కదా అనుకున్నాను," అన్నారు. నాతో కాదు, గొట్టంతో అన్నట్టుగా.

కొత్తది ఎక్కించడానికి మూడో చెయ్యి కావాల్సి వచ్చింది. నేను ముందువైపు బోల్టు పెడుతుంటే వెనకవైపు ఎవరో పట్టుకోవాలి. ఎప్పట్నుంచి చూస్తోందో, దీదీ చున్నీ నడుముకి బిగించుకుని వచ్చేసింది.

"పాపం కదా, దీదీ?" అన్నారు తాతయ్య హిందీలో.

"నేను ఔజార్ ముట్టుకోవట్లేదు భాయీసాబ్. పైపు పట్టుకున్నాను, అంతే," అంది ఆవిడ. ఆయన కూర్చుని చెబుతుంటే మేమిద్దరం బిగించాం. పాత రబ్బరు పట్టీలు తీసి కొత్తవి తగిలించాం, క్లాంపులు బిగించాం. ఆయన కిందికి దూరి ప్రతి నట్టూ ఎడంచేత్తో తడిమి చూసుకున్నారు. ఒకదాన్ని మాత్రం ఇంకో అర చుట్టు తిప్పమన్నారు.

స్టార్టు చేసి, అద్దాలు ఎత్తి, మళ్లీ వెళ్లి కూర్చున్నాను నేను. ఈసారి బాగా ఎక్కువసేపు. వాసన లేదు, ఏమీ లేదు. ఆయన రాసుకునే కొబ్బరినూనె వాసన సీటుకి పట్టి ఉండేది, అది ఒక్కటే.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ నాకు ధీమా కుదరలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన బయల్దేరుతుంటే పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసా పట్టుకుని నేనూ ఎక్కేశాను.

"పానిపట్టుకా? నువ్వెందుకే?"

"మీ ముక్కుని నేను నమ్మను."

"బిగించింది నువ్వే కదా. నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

"లేదు," అన్నాను. నిజంగానే లేదు.

వైశాలి దాటి, యమున దాటి, ఢిల్లీ దాటాం. మంచు పట్టి ఉంది, అద్దాలు మూసే ఉన్నాయి. నేను రోడ్డు చూడలేదు. గేరు కర్ర మొదలు చూడటం, ఆయన కనురెప్పలు చూడటం. ఆయన రెప్ప వాలిస్తే చాలు, "ఏవండీ" అనేదాన్ని. "ఏమే," అనేవారు. అలా ఓ పాతికసార్లు అయ్యుంటుంది. "మనిషన్నవాడు రెప్ప వెయ్యడా?" అని చివరికి కసురుకున్నారు కూడా. ఎండెక్కింది. చెరుకు తోటలు మొదలయ్యాయి. పొగ లేదు, వాసన లేదు. ముందురోజు గొట్టం కోసిన చేతులు ఒళ్లో బరువుగా పడున్నాయి. బండి ఒకటే ఊగుడు.

తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, ఎవరో నన్ను బండిలోంచి ఈడుస్తున్నారు. కళ్లు తెరిస్తే ఆకాశం. తాతయ్య నన్ను చంకల కింద రెండు చేతులూ వేసి, ఆ ఎత్తు సీటు మీంచి కిందికి లాగి, రోడ్డు పక్క గడ్డిలో కూలేసి, సీసాలో నీళ్లన్నీ మొహాన కొట్టారు. చలికాలం పొద్దున. "ఏమే, ఏమే, చూడు, ఇటు చూడు," అంటున్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మీ అమ్మకి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు కూడా ఆయన అలా మాట్లాడలేదు.

"ఏంటండీ ఇది, చన్నీళ్లు?" అన్నాను.

"తల తిరుగుతోందా? కళ్లు మంటలా?"

"లేదే."

"మరి పిలిస్తే పలకవే? నాలుగుసార్లు పిలిచాను."

"నిద్రొచ్చిందండీ. నిన్నంతా కోసీ కోసీ. నిద్ర, అంతే."

ఆయన నా మొహంలోకి అలా చూశారు. తర్వాత గడ్డిలో కూర్చుండిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయన భుజం ఆయనకి. లేవని చేత్తో కదా నన్ను దింపింది. ఎడంచేత్తో కుడి భుజం పట్టుకుని, పళ్లు బిగపట్టుకుని కూర్చున్నారు. కళ్ల నీళ్లు కారుతున్నాయి. నొప్పికే అన్నారు. నొప్పికే అయ్యుంటాయి. నేను తడిసిన కొంగుతో తుడిచాను, ఉన్న తడికి ఇంకా తడి. పొగకే మనిషి చస్తాడా అన్న మనిషి, నేను కాసేపు కళ్లు మూసుకుంటే బండి నడిరోడ్డు మీద ఆపేశారు. లారీ తలుపులు రెండు వైపులా బార్లా తెరిచి ఉన్నాయి. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.

చివరికి ఆయన మామూలు గొంతుతో అన్నారు. "రేపు డాక్టరుకి చూపించుకుంటాలే ఈ భుజం."

"రేపేనా?"

"రేపే. నువ్వూ రా." గడ్డిలోంచి లేస్తూ, "నిద్రొస్తే చెప్పి పడుకో ఇకనుంచి," అన్నారు.

అలాగేనన్నాను. భుజం నెమ్మదించడానికి ఆర్నెల్లు పట్టింది, అప్పటిదాకా దూరం వెళితే నేనూ పక్కన ఎక్కేదాన్ని. "పడుకుంటున్నానండీ" అని చెప్పే కళ్లు మూసుకునేదాన్ని. ఆయన "ఊఁ" అనేవారు. అది ఎలా అలవాటైపోయిందంటే అమ్మడూ, లారీ అమ్మేశాక కూడా, ఇంట్లో మంచం మీద పక్కనే ఉన్న మనిషికి కూడా చెప్పే పడుకునేదాన్ని. ఆయన "ఊఁ" అనేదాకా నాకూ నిద్ర పట్టేది కాదు.